పులిసిన పళ్లు ఎవరివి?

తోతాపురి కాయ అయితే పరవాలేదు. పొలం గట్టు మీది నాటు మామిడి కాయను ఉప్పూ కారం అద్దుకుని నాలుగు ముక్కలు తిన్నవాడికి ఆ రాత్రి అన్నం నమలడమే కష్టం. చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ఇంటికొక పిల్లవాడైనా పళ్లు పులిశాయని అమ్మ దగ్గర మొరపెట్టుకుంటాడు. అయితే కాయ తిన్నది అన్న అయినప్పుడు తమ్ముడి పళ్లు పులవవు. ఈ మాత్రం సంగతి చెప్పడానికి ప్రవక్త కావాలా అనిపిస్తుంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో యెహెజ్కేలు ప్రవక్త దీన్ని చెప్పడానికే ఒక అధ్యాయమంతా వెచ్చించాడు.

"తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అని అప్పటి యూదుల్లో ఒక సామెత ఉండేది. క్రీ.పూ. 597లో బబులోను సైన్యం యెరూషలేము నుంచి చెరపట్టుకుపోయినవారిలో యెహెజ్కేలు కూడా ఉన్నాడు. కెబారు నది ఒడ్డున పరాయి నేల మీద బతుకుతున్న ఆ జనం తమ కష్టానికి కారణం వెతుక్కున్నారు. వెనకటి తరాల రాజు మనష్షే చేసిన ఘోరాలు గుర్తొచ్చాయి. ఇది ఉత్త సాకేమీ కాదు. యూదా పతనానికి మనష్షే పాపాలే కారణమని వాళ్ల రాజుల చరిత్రలోనే రాసి ఉంది. పెద్దలు చేసినదాని ఫలితం వాళ్లు అనుభవిస్తున్న మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తమ లెక్క చూసుకోవడం మానేశారు. ప్రవక్తకు కోపం తెప్పించింది ఇదే. ఆ సామెత ఇక పలకవద్దని, పాపం చేసినవాడే దానికి జవాబుదారీ అని, తండ్రి దోషాన్ని కొడుకూ కొడుకు దోషాన్ని తండ్రీ మోయరని కుండబద్దలు కొట్టాడు.

పద్ధెనిమిదో అధ్యాయం నడిచే తీరు చూడాలి. యెహెజ్కేలు ఒక కుటుంబంలో మూడు తరాలను వరసగా నిలబెడతాడు. తాత నీతిమంతుడు. తండ్రి దౌర్జన్యపరుడు. తండ్రి చేసినవన్నీ కళ్లారా చూసిన మనవడు వాటిలో దేనికీ పాల్పడడు. తాత పుణ్యం తండ్రిని కాపాడదు, తండ్రి పాపం మనవడిని ముంచదు. ప్రవక్త ఏకరువు పెట్టే పాపాల్లో విగ్రహాలు, వ్యభిచారం ఉన్నాయి. వాటి పక్కనే కుదువ పెట్టిన వస్తువు తిరిగి ఇవ్వకపోవడం, వడ్డీకి తిప్పడం, బీదవాడిని పీడించడం కూడా ఉన్నాయి. పాపం అనగానే ఆకాశంలో జరిగే వ్యవహారంలా ఊహించుకునే వాళ్లకు ఈ జాబితా కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. తాకట్టు కొట్టు దగ్గరికీ పొలం గట్టు మీదికీ వచ్చి నిలబడే పాపాలు ఇవి.

తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. దారికాచి దోచుకునే బోయవాడిని ఋషులు ఒక ప్రశ్న అడిగారనీ, ఇంటికి వెళ్లి "నా పాపంలో వాటా తీసుకుంటారా?" అని భార్యాబిడ్డలను అడిగితే వాళ్లు మొహం తిప్పుకున్నారనీ, అతడే తర్వాత వాల్మీకి అయ్యాడనీ చెప్పే కథ వినని ఇల్లు ఉండదు. దోపిడీ సొమ్ముతో తిన్న అన్నంలో వాటా ఉంది, పాపంలో లేదు. బోయవాడి ఇంట్లో తండ్రి తన పాపాన్ని పంచబోతే ఇంటివాళ్లు వద్దన్నారు. బబులోనులో పిల్లలు తమ వంతును తండ్రుల మీద వేయబోతే ప్రవక్త వద్దన్నాడు. పంచడం కుదరదనే రెండు కథలూ చెబుతాయి.

బైబిల్లో దీనికి ఎదురు నిలిచే వాక్యాలు లేకపోలేదు. పది ఆజ్ఞల్లోనే, తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి రప్పిస్తానన్న మాట ఉంది. యెహోషువ కాలంలో ఆకాను దోపుడు సొమ్ము దాచినందుకు అతడి కొడుకులూ కూతుళ్లూ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ కథ చదివి సులువుగా పేజీ తిప్పగలిగినవాడు దాన్ని సరిగ్గా చదవలేదనే అనుకోవాలి. మరోవైపు, తండ్రుల తప్పుకు పిల్లలకు మరణశిక్ష వేయరాదని ద్వితీయోపదేశకాండం న్యాయవిధిగా చెబుతోంది. యూదా రాజు అమజ్యా తన తండ్రిని చంపినవారిని శిక్షించి, ఆ విధి ప్రకారం వాళ్ల పిల్లలను వదిలిపెట్టాడు. ఈ రెండు రకాల వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివిన వ్యాఖ్యాతలు చాలామంది ఒక తేడా గమనించారు. తరాలు దాటి వచ్చేది ఫలితం. అపరాధం దాటి రాదు. తాగుడుకు బానిసైన తండ్రి రాసిన ప్రామిసరీ నోటు వల్ల అతడి పిల్లల చదువు ఆగిపోవచ్చు. అంతమాత్రాన పిల్లలు తాగినవాళ్లు అయిపోరు.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో తిరుపతి ఆస్పత్రుల వరండాల్లో కనిపిస్తుంది. మంచం మీద బిడ్డ ఉంటుంది. చూడటానికి వచ్చిన చుట్టం తల్లి పక్కన కూర్చుని "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అని నిట్టూరుస్తుంది. క్రైస్తవ కుటుంబమైతే జన్మ ఊసు ఎత్తరు. "ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉంది, పరిశీలన చేసుకోండి" అంటారు. మాట మారింది, కత్తి అదే. పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఇద్దరూ కాదన్నాడు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వచ్చినప్పుడు, వాళ్లు తక్కినవాళ్లకంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని ఎదురు ప్రశ్న వేసి, వెంటనే మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. పక్కవాడి కష్టం నుంచి వాడి పాపాన్ని వెనక్కి లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు. ఎవరి లెక్క వాళ్లు చూసుకోవాలి. "అయ్యో పాపం" అనేటప్పుడు తెలుగులో పాపమంటే జాలి. ఆస్పత్రి వరండాలో ఆ ఒక్క అర్థం చాలు.

ఇక బాధ్యత తప్పించుకోవడమనే విద్య మొదలైన చోటు సంగతి. ఆదికాండం మూడో అధ్యాయంలో, తినవద్దన్న పండు తిన్నావా అని దేవుడు అడుగుతాడు. అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పగలిగిన ప్రశ్న. పాత తెలుగు బైబిల్లో ఆదాము జవాబు ఇలా సాగుతుంది: "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే ఆ వృక్షఫలములు కొన్ని నాకియ్యగా నేను తింటిని." వాక్యంలో ముందు దేవుడి పేరిట ఒక ఫిర్యాదు, ఆ తర్వాత భార్య పేరిట ఒకటి. తన వంతు చిట్టచివర వస్తుంది. హవ్వ సర్పాన్ని చూపిస్తుంది. ఆమె వాక్యం కూడా "తింటిని" అనే ముగుస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది గనక ఇక్కడ ఒక తమాషా జరిగింది. ఎన్ని సాకులు ముందు పేర్చినా "తింటిని" అనకుండా వాక్యం పూర్తి కాదు. హీబ్రూ మూలంలోనూ ఇద్దరి జవాబులూ ఆ మాటతోనే ఆగుతాయి.

నిత్యజీవితపు తెలుగులో ఈ క్రియను ఎగ్గొట్టడానికి మంచి సదుపాయం ఉంది. "తప్పు జరిగిపోయింది." "పొరపాటైంది." "మాట జారింది." "చెయ్యి లేచింది." జరిగింది సరే, చేసింది ఎవరు? వాక్యంలో మనిషే లేడు. వాన పడినట్టు, కొమ్మ విరిగినట్టు తప్పు దానంతటదే జరిగిపోయింది. భార్య మీద చెయ్యి చేసుకున్నవాడు సంఘ పెద్దల ముందు కూర్చుని "ఏదో కోపంలో అలా జరిగిపోయిందండి" అంటే, పెద్దలు తల ఊపి, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండని పంపేయడం చాలా చోట్ల మామూలే. "కొట్టాను" అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాదు. క్రైస్తవ బోధ ప్రకారం అక్కడ ఇంకా ఒప్పుకోలు మొదలే కాలేదు. పరాయివాడి భార్య బత్షెబను తీసుకున్న దావీదు రాజు దగ్గరికి వచ్చిన నాతాను ప్రవక్త, బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనికుడు లాక్కున్న కథ చెప్పి రాజు చేతనే తీర్పు పలికించి, ఆ తర్వాత "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు "పాపము చేసితిని" అన్నాడు. రాజుకు సాకులు దొరకక కాదు. నాతాను కథలో దొంగ ఎవరో రాజే తేల్చి చెప్పాడు గనక దారి మూసుకుపోయింది.

మరి మనిషి పుట్టుకతోనే పాపి అని కదా క్రైస్తవం చెప్పేది, పుట్టుకతో వచ్చినదానికి బాధ్యత ఏమిటి? ఈ ప్రశ్న వేయని ఇంటర్మీడియట్ కుర్రాడు ఉండడు. వేయాలి కూడా. సంఘ చరిత్రలో దీని మీద జరిగినంత రగడ తక్కువ విషయాల మీద జరిగింది. ఐదో శతాబ్దం మొదట్లో బ్రిటన్ నుంచి వచ్చిన పెలాగియస్ అనే సన్యాసి, మనిషి తలచుకుంటే పాపం చేయకుండా ఉండగలడనీ, ఆదాము చెడ్డ ఉదాహరణ మాత్రమే చూపాడనీ బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్ అగస్టీన్ దాన్ని తీవ్రంగా ఎదిరించాడు. మనిషి చిత్తమే దెబ్బతిన్నదని, కృప లేకుండా మేలు వైపు తిరగలేదని ఆయన వాదన. 418లో కార్తేజులో కూడిన సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది.

ఈ వాదం కొంత ఒక వాక్యపు అనువాదం చుట్టూ కూడా తిరిగింది. రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు పౌలు రాసిన ఉత్తరం, ఐదో అధ్యాయం పన్నెండో వచనాన్ని అగస్టీన్ లాటిన్‌లో చదివాడు. అందులో "అతనిలో అందరూ పాపం చేశారు" అన్నట్టు అర్థం వచ్చేది. అంటే ఆదాము తిన్నప్పుడు మనమంతా అతడి లోపలే ఉన్నట్టు. గ్రీకు మాటకు "అందరూ పాపం చేశారు గనక" అన్నదే సరైన అర్థమని నేటి పండితుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. మన పాత తెలుగు బైబిల్ "మనుష్యులందరు పాపము చేసినందున" అంటుంది. ఆ "నందున" అన్న ప్రత్యయం ఎంత పెద్ద తగాదాలో ఒక పక్షం పట్టిందో ఆదివారం దాన్ని గడగడా చదివేవాళ్లకు సాధారణంగా తట్టదు. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు మొదటి నుంచీ ఆదాము నుంచి మరణాన్ని, బలహీనతను వారసత్వంగా పొందామంటాయి తప్ప అతడి అపరాధాన్ని పొందామనవు. అగస్టీన్ దారిలో నడిచిన కతోలిక సంఘం కూడా 1992లో వెలువరించిన సత్యోపదేశ గ్రంథంలో జన్మపాపం ఒక స్థితి అనీ, చేసిన క్రియ కాదనీ, ఆదాము సంతతిలో ఎవరికీ అది సొంత తప్పు కాదనీ స్పష్టంగా చెప్పింది.

అగస్టీన్ జన్మపాపం గురించి ఇంత రాసినా తన పాపాన్ని దాని ఖాతాలో వేయలేదు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి అర్ధరాత్రి ఒక తోటలో బేరిపండ్లు దొంగిలించిన సంగతి తన ఆత్మకథాత్మక రచనలో పేజీల తరబడి తవ్వుకున్నాడు. ఆకలి వేసి కాదు, ఇంట్లో అంతకంటే మంచి పండ్లు ఉన్నాయి. చాలావరకు పందులకు విసిరేశారు. ఒంటరిగా అయితే ఆ పని చేసేవాడిని కాదని రాశాడు. గుంపు అతడికి కారణంగా కనిపించింది, సాకుగా పనికిరాలేదు. తోటలో చెట్టు దులిపిన చేతులు తనవేనన్న దగ్గరికి తిరిగి తిరిగి వస్తాడు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఈ బోధ రకరకాల దారుల్లో వచ్చింది. చిత్తూరుకు ఆర్కాటు మిషన్ ద్వారా వచ్చింది. అమెరికాలోని డచ్చి మూలాల రిఫార్మ్‌డ్ సంఘం తరఫున స్కడ్డర్ కుటుంబం 1853లో స్థాపించిన మిషన్ అది. ఆ సంఘాలు తర్వాత 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. తిరుపతి, పుత్తూరు, కాళహస్తి వైపు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1860ల నుంచి పనిచేశారు. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం తిరుపతే. కతోలికులు, బ్రదరెన్ వారు, పెంతెకొస్తువారు, లెక్కకు మించిన స్వతంత్ర సంఘాలు సరేసరి.

రిఫార్మ్‌డ్ సంప్రదాయపు 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళిలో పైన చెప్పిన ఇంటర్మీడియట్ కుర్రాడి ప్రశ్న దాదాపు అలాగే ఉంది: మనిషి పాటించలేని దాన్ని ధర్మశాస్త్రంలో కోరడం దేవుడి అన్యాయం కాదా? మనిషిని పాటించగలిగేలాగే చేశాడని, తన ఇష్టపూర్వకమైన అవిధేయతతో మనిషే ఆ శక్తి పోగొట్టుకున్నాడని జవాబు. ఇది అందరికీ తృప్తినిచ్చే జవాబు కాదు. తాత అమ్మేసిన పొలానికి మనవడిని శిస్తు అడిగినట్టు ఉందని ఎవరైనా అంటే వెంటనే కొట్టిపారేయలేం. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరావళి ఈ విషయంలో ఎక్కువ ఉపయోగకరం. దేవుని ఎదుట మనకు తెలియని పాపాలకు కూడా దోషులమని ఒప్పుకోవాలని, కాపరి దగ్గర మాత్రం మనకు తెలిసి, గుండెలో గుచ్చుకుంటున్న పాపాలనే చెప్పుకోవాలని విడదీసి రాశాడు. అవి ఏవో ఎలా తెలుస్తాయి? నీ స్థానం చూసుకో అంటాడు. తండ్రివా, తల్లివా, కొడుకువా, యజమానివా, పనివాడివా? సోమరిగా ఉన్నావా? మాటతోనో చేతితోనో ఎవరినైనా నొప్పించావా? దొంగిలించావా, నిర్లక్ష్యం చేశావా, పాడుచేశావా? పాపానికి చిరునామా రాయించే పద్ధతి ఇది.

కతోలికులు చావైన పాపానికి, అంటే ఆత్మకు చావు తెచ్చేంత ఘోరమైన పాపానికి, మూడు షరతులు పెట్టారు. విషయం గంభీరమైనదై ఉండాలి, చేసేవాడికి పూర్తిగా తెలిసి ఉండాలి, మనసారా ఒప్పుకుని చేసి ఉండాలి. భయం, బలవంతం, అజ్ఞానం, పాతుకుపోయిన అలవాటు బాధ్యతను తగ్గించవచ్చు. అందరి బాధ్యతా ఒకే తూకం కాదన్నది ఇక్కడ ముఖ్యం. యజమాని చిత్తం తెలిసీ చేయని దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేయనివాడికి తక్కువ దెబ్బలు అని యేసు చెప్పిన ఉపమానంలోనూ ఇదే లెక్క.

ఇక మన ప్రాంతంలో ఈమధ్య బాగా పుంజుకున్న ఒక బోధ గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. తరతరాల శాపాలు, శాపపు కట్లు, వాటి నుంచి విడుదల. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చిన కుటుంబాన్ని కూర్చోబెట్టి, మీ వంశంలో విగ్రహాలకు బలులు ఇచ్చినవారెవరు, మంత్రాలు చేయించినవారెవరు, ఆత్మహత్య చేసుకున్నవారెవరు అని అడుగుతారు. తాతముత్తాతల పేర్లు బయటికి వస్తాయి. నూనె రాస్తారు, కట్లు తెగిపోవాలని గట్టిగా ప్రార్థిస్తారు. ఇంట్లో తాగుడు, అప్పులు, పెళ్లి కుదరకపోవడం, గర్భం నిలవకపోవడం, అన్నిటికీ మూలం ఆ పేర్లలోనే ఉందని తేలుతుంది.

దీని ఆకర్షణ అర్థం చేసుకోదగినదే. మూడు తరాలుగా ఒకే ఇంట్లో తాగుబోతులు పుట్టడం కళ్లకు కనిపిస్తున్నప్పుడు ఎవరికైనా కారణం కావాలనిపిస్తుంది. ఇంట్లో తిష్ఠ వేసిన భయానికి ఒక పేరు దొరకడమే సగం ఊరట. కానీ ఇందులో రెండు అన్యాయాలు ఉన్నాయి. మొదటిది చనిపోయినవాళ్లకు. తిరుపతి గంగ జాతరలో ఏటా భక్తితో పొంగలి పెట్టి, పదిమందికి అన్నం పెట్టి, ఎవరికీ అన్యాయం చేయకుండా వెళ్లిపోయిన అవ్వ ఇప్పుడు మనవడి సారా సీసాకు ముద్దాయి అయింది. జవాబు చెప్పుకోవడానికి ఆమె లేదు. రెండోది మనవడికే. శాపం తెగిపోయిందని నమ్మి ఇంటికి వెళ్లినవాడు నెల తిరక్కుండా మళ్లీ తాగితే, కట్టు పూర్తిగా తెగలేదని మళ్లీ ప్రార్థనకు వస్తాడు. నేను తాగాను, మానడానికి ఫలానా పని చేస్తాను అనే వాక్యం దగ్గరికి అతడు చేరడు. ఈ బోధను సమర్థించేవారు మూడు నాలుగు తరాల వాక్యాన్నే చూపిస్తారు. అందులో "నన్ను ద్వేషించువారి" అన్న మాటనూ, వెంటనే వచ్చే వెయ్యి తరాల కరుణ మాటనూ నెమ్మదిగా చదవరు. పేతురు పత్రిక పితృపారంపర్యమైన వ్యర్థప్రవర్తన నుంచి విమోచన గురించి చెబుతుంది. పారంపర్యంగా వచ్చేది ప్రవర్తన అంటే అలవాటు, చూసి నేర్చుకున్న తీరు. దాన్ని విడిచిపెట్టే దారి యెహెజ్కేలు మూడో తరం కుర్రాడిలోనే ఉంది. అతడు తండ్రి చేసినదంతా చూశాడు, చూసి చేయలేదు.

అంతా సైతాను మీదికి తోయడం కూడా ఇలాంటిదే. దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడ్వబడి శోధింపబడుతున్నాడని యాకోబు పత్రిక తేల్చేసింది.

నిజంగా చిక్కు వచ్చేది పదిమంది కలిసి చేసే పాపం దగ్గర. "తిలా పాపం తలా పిడికెడు" అని మనకు గొప్ప సామెత ఉంది. పంచుకుంటే పాపం తగ్గుతుందన్న ధీమా ఒకటి దాని వెనక నడుస్తుంటుంది. శేషాచలం ఎర్రచందనాన్నే తీసుకుందాం. గొడ్డలి పట్టిన కూలీ చెట్టు కొట్టడం వరకే నాదంటాడు. మేస్త్రీ మనుషులను తేవడం వరకే. ముందు బండిలో దారి చూసేవాడు దుంగను ముట్టుకోనే లేదు. గోదాము యజమాని అద్దెకిచ్చాడంతే. డబ్బు పెట్టినవాడు అడవి మొహమే చూడలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసుల కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చిన బీదవాళ్లు. అడవి మొహం చూడనివాడికి ఆ రోజు ఏమీ కాలేదు. ఎవడికి ఎక్కువ ఇవ్వబడిందో వాడి దగ్గర ఎక్కువ అడుగుతారన్న యేసు మాట ప్రకారం చూస్తే, లోకం లెక్క ఇక్కడ తలకిందులైంది. కూలీకి బాధ్యత లేదని కాదు. ఆకలి అతడి వంతును తగ్గిస్తుంది, పూర్తిగా చెరిపేయదు. డబ్బు పెట్టినవాడికి తగ్గించడానికి ఆకలి కూడా లేదు.

ఊళ్లో పాలకేంద్రం ఈ సంగతిని ఇంకా చక్కగా చూపిస్తుంది. తెల్లవారకముందే స్టీలు క్యాన్లతో, బిందెలతో వరస కడతారు. ఒక్కొక్కరి పాలూ కొలిచి, చిన్న గరిటెడు నమూనా వేరుగా తీసి, వెన్న శాతం చూసి, పుస్తకంలో పేరు ఎదుట రాస్తారు. ఆ తర్వాతే పెద్ద క్యాన్‌లో పోస్తారు. ఒకసారి అందులో కలిశాక ఎవరి పాలలో నీళ్లున్నాయో పరలోకంలో తప్ప తెలియదు. అందుకే నమూనా ముందే తీస్తారు. "మనలో ప్రతివాడును తన్ను గురించి దేవునికి లెక్క యొప్పగింపవలెను" అన్న పౌలు మాటను దీనికంటే తేలికగా వివరించడం కష్టం. లెక్క క్యాన్‌కు కాదు, పేరుకు.

ఆదివారం ఆరాధనలో ఈ పెద్ద క్యాన్ మరో రూపంలో కనిపిస్తుంది. తలంపుతో, మాటతో, క్రియతో పాపం చేశామని అందరూ ఒక్క గొంతుతో చెప్పే ఒప్పుకోలు మంచి ప్రార్థనే. సాక్ష్యం చెప్పేవారు "నేను ఘోర పాపిని, పాపులలో ప్రధానుడిని" అని కన్నీళ్లు పెట్టుకోవడమూ నిజాయితీగానే ఉండవచ్చు. అయినా గమనిస్తే, మనుషులు తాము పాపులమని ఒప్పుకున్నంత సులువుగా, అన్నదమ్ముల పంపకంలో అర ఎకరం దాచామని ఒప్పుకోరు. "అందరం పాపులమే కదా" అన్న మాట వినయంలా వినిపిస్తుంది, చాలాసార్లు అది దాక్కునే చోటు. ఆదాము తోటలో చెట్ల వెనక దాక్కున్నాడు. ఆదివారం గుంపు వెనక దాక్కోవచ్చు.

దీనికి ఎదురుగా, తాను చేయని పాపాన్ని తనదిగా ఒప్పుకున్నవాళ్లూ బైబిల్లో ఉన్నారు. నెహెమ్యా, దానియేలు తమ పితరుల పాపాలను "మేము" అని చెప్పుకుని ప్రార్థించారు. 2000 మార్చి 12న పోపు రెండవ జాన్ పాల్ గత శతాబ్దాల్లో సంఘ సభ్యులు చేసిన తప్పులకు క్షమాపణ వేడుకున్నాడు. యెహెజ్కేలు మాటకు ఇది విరుద్ధం కాదా? కాదనే చెప్పాలి. నెహెమ్యా పితరుల మీద నింద వేసి తాను పక్కకు తప్పుకోలేదు. వాళ్ల వరసలోనే నిలబడి, ఆ తర్వాత కూలిన యెరూషలేము గోడ కట్టడానికి వెళ్లాడు. తెలుగు సంఘాల్లో కులం విషయానికి ఇది సూటిగా తగులుతుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మా పెద్దల నుంచి వస్తున్న పద్ధతి అంటారు. పద్ధతి పెట్టింది పెద్దలే కావచ్చు. ఈ సంబంధం వద్దన్నది మాత్రం పెద్దలు కాదు, ఫోనులో మాట్లాడిన గొంతే.

క్షమాపణ దొరికాక బాధ్యత ఏమవుతుంది? ఇక్కడ చాలా ప్రసంగాలు తొందరపడతాయి. సిలువ దగ్గర అంతా కొట్టివేయబడింది, వెనక్కి చూడవద్దు అంటాయి. జక్కయ్య కథ అలా లేదు. యెరికోలో పన్ను వసూలు చేసే సుంకరుల పెద్ద అయిన అతడి ఇంటికి యేసు తనంతట తానే వెళ్లాడు. ముందు డబ్బు కక్కమని అడగలేదు. జక్కయ్యే లేచి నిలబడి, తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని అన్నాడు. ధర్మశాస్త్రం చూస్తే, తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది. నాలుగంతలు గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి, చంపుకు తిన్నవాడికి వేసే జరిమానా. జక్కయ్య తక్కువ రేటు పట్టుకోలేదు. అంటే వసూలు లెక్కల్లో ఏదో పొరపాటు జరిగిందని అనలేదన్నమాట, దొంగకు వేసే లెక్కే తనకు తాను వేసుకున్నాడు.

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల వీధుల్లో ఏళ్ల తరబడి వాడుక పాలు పోసిన ఒక మనిషిని ఊహించుకుందాం. రోజూ లీటరుకు ఒక గ్లాసు నీళ్లు కలిపాడు. ఒక ఆదివారం ఏదో మాట గుండెలో దిగింది. మూడు నాలుగు వాడుక ఇళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాళ్ల తలుపు తట్టవచ్చు. తట్టడం ఎంత కష్టమైనా దారైతే ఉంది. కానీ గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థులు ఏటా మారిపోయారు. వాళ్ల పేర్లు అతడికి అప్పుడే తెలియవు, ఇప్పుడెక్కడ ఉన్నారో అసలే తెలియదు. సంఖ్యాకాండంలో ఈ చిక్కు కూడా ముందే తట్టింది. నష్టపోయినవాడు లేకుండా, సొమ్ము తీసుకోవడానికి బంధువు కూడా లేకపోతే అది యాజకుడికి, అంటే పూజారికి, చెందుతుందని రాసి ఉంది. అంటే ఇవ్వవలసినవాడు దొరకలేదని సొమ్ము తీసుకున్నవాడి దగ్గరే మిగిలిపోకూడదు. జక్కయ్య మాటలను కొందరు ఇలాగే చదువుతారు. ఊరందరి దగ్గర ఎన్నేళ్లుగానో వసూలు చేసినవాడికి అందరి పేర్లూ గుర్తుండవు. గుర్తున్నవాళ్లకు నాలుగంతలు. బీదలకన్న ఆ సగంలో, గుర్తులేనివాళ్ల వాటా కూడా ఉందని.